కాటన్ ఎయిర్ ఫిల్టరు నూనెతో మాఫ్ సెన్సర్ పాడవుతుందా? దుమ్ము దారుల్లో తిరిగే కార్ల లెక్క

చీమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి ఒంగోలు వైపు వచ్చే దారిలో రోజూ తిరిగే కారుకు, కంపెనీ పుస్తకంలో రాసినన్ని కిలోమీటర్లు ఎయిర్ ఫిల్టరు నిలవదు. కనిగిరి, పొదిలి, దర్శి పక్క మట్టిరోడ్లలోనూ అంతే. కృష్ణపట్నం పోర్టుకు, నేలటూరు థర్మల్ కేంద్రానికి లారీలు బారులు తీరే ముత్తుకూరు పరిసరాల్లోనూ అంతే. మాటిమాటికీ ఫిల్టరు మార్చే బాధ తప్పుతుందని, "ఒక్కసారి కొంటే బండి ఉన్నంతకాలం కడిగి వాడుకోవచ్చు" అని అమ్మే నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ల మీదికి మనసు పోవడం సహజం. కొనబోతే మెకానిక్ అడ్డుపడతాడు. ఆ నూనె లోపలికి పోయి, ఇంజన్‌లోకి వచ్చే గాలిని తూచే మాఫ్ (మాస్ ఎయిర్ ఫ్లో) సెన్సర్ పోతుందంటాడు. అమ్మేవాళ్ళు అదంతా పుకారంటారు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. సరైన మోతాదులో నూనె పట్టించిన కాటన్ ఫిల్టరు వల్ల సెన్సర్ పాడవడం అరుదు. మోతాదు మించితే పాడవడం నిజంగా జరిగే పనే. ఈ సంగతి ఏ ఊరికైనా ఒకటే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అదనంగా ఒకటి చూసుకోవాలి. ఇక్కడి దుమ్ముకు ఆ ఫిల్టరును తరచు కడగాలి, కడిగిన ప్రతిసారీ మళ్ళీ నూనె పట్టించాలి, పట్టించిన ప్రతిసారీ మోతాదు తప్పే అవకాశం ఉంటుంది. ముప్పు ఫిల్టరులో కంటే ఆ నూనె సీసా పట్టుకున్న చేతిలో ఎక్కువ.

ముందు బండిలో మాఫ్ ఉందో లేదో చూడాలి

ఈ చర్చలో చాలా కార్లకు అసలు సంబంధమే లేదు. ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోందో తెలుసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. మాఫ్ సెన్సర్ గాలి బరువును నేరుగా కొలుస్తుంది. మ్యాప్ సెన్సర్ గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలుస్తుంది, దాన్నిబట్టి, ఇంజన్ వేగాన్నిబట్టి, గాలి వేడినిబట్టి ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) లెక్క కట్టుకుంటుంది. మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ఉన్నది మ్యాప్ మాత్రమే. అలాంటి బండిలో ఫిల్టరు నూనె కాస్త ఎక్కువైనా పాడయ్యే మాఫ్ సెన్సర్ దారిలో లేదు కాబట్టి ఈ భయం అక్కర్లేదు. బైకుల్లోనూ మాఫ్ ఉండదు.

డీజిల్ కార్ల సంగతి వేరు. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ మొదలుకొని కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో చాలావాటికి మాఫ్ ఉంటుంది. పొగను తిరిగి సిలిండర్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఎంత తెరవాలో ఆ సెన్సర్ ఇచ్చే అంకెను చూసే ఈసీయూ నిర్ణయిస్తుంది. పెట్రోలు కార్లలో టొయోటా కరోలా ఆల్టిస్ లాంటివాటికి ఉంటుంది.

గుర్తుపట్టడం తేలిక. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి ఇంజన్ వైపు వెళ్ళే లావుపాటి పైపు మొదట్లో చూడాలి. అక్కడ పైపులోకి దిగేసిన ప్లాస్టిక్ సెన్సర్, దానికి నాలుగు లేదా ఐదు వైర్ల కనెక్టరు ఉంటే అది దాదాపుగా మాఫే. రెండే వైర్లుంటే గాలి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ అయ్యుంటుంది. మ్యాప్ సెన్సర్ డబ్బా దగ్గర కాకుండా సాధారణంగా మానిఫోల్డ్ మీదే బిగించి ఉంటుంది.

ఆ చిన్న ముక్క గాలిని ఎలా తూస్తుంది

మాఫ్ లోపల విద్యుత్తుతో వేడెక్కించే సన్నటి ప్లాటినం తీగ గానీ, సన్నటి పొర గానీ ఉంటుంది. లోపలికి వచ్చే గాలి కంటే దాన్ని ఎప్పుడూ ఒక నిర్ణీత మేరకు ఎక్కువ వేడిగా ఉంచడమే సర్క్యూట్ పని. గాలి తగిలేకొద్దీ అది చల్లబడుతుంది. ఆ వేడిని నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో అదే గాలి కొలత. రోహిణి కార్తెలో 40 డిగ్రీల గాలి, 25 డిగ్రీల గాలి కంటే సుమారు 5 శాతం పల్చగా ఉంటుంది. బరువునే కొలుస్తుంది కాబట్టి ఆ తేడా ఈ పద్ధతిలో దానంతటదే లెక్కలోకి వచ్చేస్తుంది.

1980లలో వచ్చిన బోష్ వేడి తీగ సెన్సర్లలో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. ఇంజన్ ఆపాక తీగను ఒక్క సెకను పాటు సుమారు 1000 డిగ్రీలకు వేడి చేసి, దాని మీద అంటుకున్న మురికిని కాల్చేసేవారు. ఇప్పటి పొర తరహా సెన్సర్లలో ఆ ఏర్పాటు లేదు. పొర మైక్రాన్లలో ఉండేంత పల్చన, అంత వేడికి నిలవదు. ధూళిని పక్కకు విసిరేసేలా గాలి దారిని మలుపులతో కట్టారు, పొడి దుమ్ము నుంచి ఇది చాలావరకు కాపాడుతుంది. జిడ్డు నుంచి అంతగా కాపాడదు.

జిడ్డు చేసే పని ఇది. నూనె తుంపర పొర మీద పడితే దాని మీద సన్నటి తెర ఏర్పడుతుంది. ఫిల్టరును దాటి వచ్చే అతి సన్నని ధూళి, మామూలుగా అయితే తగిలి పోయేది, ఇప్పుడు ఆ తెరకు అంటుకుంటుంది. వేడికి రెండూ కలిసి గట్టిపడతాయి. అప్పుడు గాలి ఎంత తగిలినా పొర చల్లబడాల్సినంత చల్లబడదు. ఫలితంగా ఎక్కువ గాలి పోతున్నప్పుడు సెన్సర్ తక్కువ చూపిస్తుంది. ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, కొన్నిసార్లు దీనికి విరుద్ధంగా ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండు వైపుల తప్పే తర్వాత ఈసీయూను చదివే స్కానర్‌లో పట్టిస్తుంది కాబట్టి గుర్తుంచుకోవాలి.

నూనె అక్కడిదాకా ఎలా పోతుంది

కాటన్ ఫిల్టరు అంటే మడతలు పెట్టిన నాలుగైదు వరసల పల్చటి నూలు గుడ్డ, రెండు వైపులా అల్యూమినియం జాలీ. పోగుల మధ్య సందులు కాగితం కంటే పెద్దవి. పొడిగా ఉంటే దుమ్మును ఆపలేదు. పోగులకు పట్టిన జిగట నూనే ధూళిని పట్టుకుంటుంది. కాబట్టి నూనె లేకపోతే ఫిల్టరే లేదు.

పోగు పీల్చుకోగలిగినంత నూనె పోగును అంటిపెట్టుకునే ఉంటుంది, గాలి దాన్ని లాక్కుపోలేదు. అంతకు మించి పోసినది మడత అడుగున చేరి, జాలీ కన్నాల్లో బొట్లుగా నిలుస్తుంది. పూర్తి రేస్ ఇచ్చినప్పుడు గాలి ఊపుకు ఆ బొట్లే తుంపరలై ఎగిరి, అంగుళాల దూరంలో ఉన్న మాఫ్ మీద పడతాయి. నూనె పట్టించిన వెంటనే ఫిల్టరు బిగించి హైవే ఎక్కితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే నూనె గుడ్డలోకి సమంగా పాకడానికి సమయం దొరకలేదు.

జనరల్ మోటార్స్ 2000ల దశకంలో అమెరికాలో తన డీలర్లకు ఈ విషయం మీద సర్వీసు బులెటిన్ ఇచ్చింది. అందులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సమస్యలను కూడా చేర్చడం చాలామంది గమనించని సంగతి. మాఫ్ తక్కువ గాలి చూపిస్తే ఇంజన్ తక్కువ శక్తి ఇస్తోందని కంప్యూటర్ అనుకుంటుంది, గేర్‌బాక్స్‌లో క్లచ్‌లను పట్టే నూనె ఒత్తిడిని తగ్గిస్తుంది, అసలు శక్తి ఎక్కువ ఉండేసరికి క్లచ్ జారి అరుగుతుంది. అయితే ఆ బులెటిన్ తప్పు పట్టింది మోతాదు మించి నూనె పోసిన ఫిల్టర్లనే. ఇటు 1969 నుంచి కాటన్ ఫిల్టర్లు చేస్తున్న కె అండ్ ఎన్ లాంటి తయారీదారులు చెప్పేది సరిగ్గా పట్టించిన ఫిల్టరు నుంచి నూనె రాలదని. విడివిడిగా చూస్తే గొడవలా ఉన్నా, ఈ రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టెయ్యవు.

నెపం నూనె మీద, తప్పు ఇంకొకరిది

చెడిపోయిన ప్రతి మాఫ్‌కూ కాటన్ ఫిల్టరును బాధ్యుణ్ణి చేయడం సరికాదు. కాగితం ఫిల్టరు వాడే బండ్లలోనూ మాఫ్ మీద జిడ్డు కనిపిస్తుంది. పిస్టన్ రింగుల పక్కగా జారే వాయువు ఇంజన్ ఆయిల్ ఆవిరిని మోసుకుని బ్రీదర్ పైపు ద్వారా ఇన్‌టేక్ పైపులో కలుస్తుంది. నడుస్తున్నంతసేపూ అది ముందుకే పోతుంది. వేడి ఇంజన్ ఆపాక గాలి ఆగిపోయి, ఆ ఆవిరి వెనక్కి పాకి, చల్లబడుతున్న సెన్సర్ మీద పేరుకుంటుంది. రింగులు అరిగిన పాత డీజిల్ బండిలో ఇది మరీ ఎక్కువ.

రంగు చూసి కొంతవరకు తేల్చుకోవచ్చు. ఫిల్టరు నూనెలో సాధారణంగా ఎరుపు గానీ నీలం గానీ రంగు కలిపి ఉంటుంది. ఫిల్టరు నుంచి మాఫ్ దాకా ఉన్న పైపు లోపలి గోడను తెల్లటి గుడ్డతో తుడిచి చూడాలి. ఎర్రటి జిడ్డు అంటితే నూనె ఎక్కువైనట్టే. నల్లటి జిడ్డు ఉండి, అది మాఫ్ తర్వాత పైపులో ఎక్కువ, ముందు తక్కువగా ఉంటే బ్రీదర్ పని. జిడ్డు లేకుండా మెత్తటి మట్టి అంటితే ఫిల్టరు అంచు సరిగ్గా కూర్చోలేదని, లేదా ఫిల్టరు చిరిగిందని అర్థం. మన దార్లలో తరచు కనిపించేది ఈ మూడోదే. డబ్బా క్లిప్పు ఒకటి విరిగి, మూత ఓ పక్క వెంట్రుకంత లేచి ఉంటే చాలు, ఎంత మంచి ఫిల్టరు పెట్టినా దుమ్ము ఆ సందులోంచే పోతుంది.

పంక్చరు షాపు కంప్రెసర్‌తో కాగితం ఫిల్టరును దులపడం ఇంకో పెద్ద కారణం. 100 పీఎస్ఐకి పైగా ఉన్న గాలిని నాజిల్ ఆనించి కొడితే కాగితం పోగులు విడిపోయి, కంటికి కనిపించని కన్నాలు పడతాయి. చీకట్లో ఫిల్టరు లోపలి వైపు టార్చ్ పెట్టి బయటనుంచి చూస్తే నక్షత్రాల్లా మెరిసే చుక్కలు అవే. ఒక్క చుక్క కనిపించినా ఆ ఫిల్టరును పారేయాలి. పైగా కాగితం ఫిల్టరు మొదటిరోజు కంటే, కాస్త దుమ్ము పట్టాకే బాగా వడపోస్తుంది, పట్టిన దుమ్మే ఇంకా సన్నటి జల్లెడగా పనిచేస్తుంది కాబట్టి. వారం వారం దులిపే అలవాటుతో మేలు కంటే కీడే ఎక్కువ.

లక్షణాలు, స్కానర్‌లో అంకెలు

డీజిల్ బండిలో మాఫ్ తక్కువ చూపిస్తే, పొగ రాకూడదన్న జాగ్రత్తతో ఈసీయూ డీజిల్‌ను కోసేస్తుంది. బండి లాగదు, పికప్ పడిపోతుంది, నల్లపొగ మాత్రం ఉండదు. ఎక్కువ చూపిస్తే ఈజీఆర్ వాల్వు అవసరానికి మించి తెరుచుకుని నల్లపొగ, మసి పెరుగుతాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో ఆ మసి, దాన్ని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే పొగ ఫిల్టరులో పేరుకుని ఇంకో ఖర్చు తెస్తుంది. పెట్రోలు బండిలో ఐడిల్ అదరడం, రేస్ ఇస్తే తడబడటం, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమనడం కనిపిస్తాయి. గాలి తక్కువని నమ్మి ఈసీయూ నిప్పురవ్వను ముందుకు జరపడమే ఆ టకటకకు కారణం.

స్కానర్ చూపించే తప్పుల కోడ్‌లలో పి0101 అంటే మాఫ్ అంకె నమ్మశక్యంగా లేదని, పి0102 సిగ్నల్ తక్కువని, పి0103 ఎక్కువని. పి0171 అంటే మిశ్రమంలో ఇంధనం తక్కువైందని. చివరిదాన్ని చూసి నేరుగా మాఫ్ మార్చేయడం తొందరపాటు. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచి తగ్గించి సరిదిద్దుకుంటోందో చెప్పే అంకెలు, ఎక్కడ పెరుగుతున్నాయో చూస్తేనే అసలు తప్పు తెలుస్తుంది. ఫోన్‌కు కలిసే చవక ఓబీడీ (బండి కోడ్‌లు చదివే) పరికరంతో కూడా ఈ పని అవుతుంది.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో స్వల్పకాలిక, దీర్ఘకాలిక ట్రిమ్‌లు రెండూ కలిపి చూడాలి. కలిపితే 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యం, 10 దాటితే అనుమానం. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర, ఆపై రోడ్డు మీద బరువు పడేలా నడుపుతూ చూడాలి. ఐడిల్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి రేస్ ఇచ్చేకొద్దీ సున్నా వైపు వస్తే, మాఫ్ తర్వాత ఎక్కడో పైపు చీలింది లేదా క్లాంపు వదులైంది. ఎలుకలు కొరికిన వాక్యూమ్ పైపులూ ఈ లెక్కలోకే వస్తాయి. ఐడిల్‌లో సున్నా దగ్గరో కాస్త మైనస్‌లోనో ఉండి, బరువు పెరిగేకొద్దీ ప్లస్‌లోకి పోతుంటే మాఫ్ మురికి పట్టిందనడానికి గట్టి సూచన. పెట్రోలు పంపు బలహీనపడినా, ఫ్యూయల్ ఫిల్టరు మూసుకుపోయినా ఇదే రూపం కనిపిస్తుంది. కాబట్టి సెన్సర్ శుభ్రం చేశాక కూడా మారకపోతే అటు వెళ్ళాలి.

మాఫ్ అంకెను నేరుగా సరిచూసే దారీ ఉంది. పెట్రోలు ఇంజన్‌లో గరిష్ఠ శక్తి వద్ద సెకనుకు వచ్చే గాలి గ్రాముల్లో, హార్స్‌పవర్‌కు సుమారు 0.8 రెట్లు ఉంటుంది. 100 హార్స్‌పవర్ ఇంజన్ 80 గ్రాముల దరిదాపుల్లో చూపించాలి. ఖాళీ రోడ్డులో సెకండ్ గేర్‌లో పూర్తి రేస్ ఇచ్చినప్పుడు 60 దగ్గరే ఆగిపోతుంటే ఎక్కడో తేడా ఉంది. డీజిల్‌కు లెక్క ఇంకా సులువు. 1248 సీసీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 312 సీసీ. 40 డిగ్రీల గాలి సీసీకి 1.13 మిల్లీగ్రాములు. సిలిండర్ 85 శాతం నిండుతుందనుకుంటే ఈజీఆర్ మూసి ఉన్నప్పుడు ఐడిల్‌లో ఒక్కో స్ట్రోక్‌కు, అంటే సిలిండర్ గాలి పీల్చిన ప్రతిసారీ, 300 మిల్లీగ్రాములు రావాలి. 220 చూపిస్తూ, ఈజీఆర్ నిజంగా మూసే ఉంటే, సెన్సర్ తప్పు చెబుతోందన్నమాట.

స్కానర్ లేనప్పుడు మెకానిక్‌లు చేసే పని, మాఫ్ కనెక్టరు పీకి బండి నడిపి చూడటం. అప్పుడు ఈసీయూ తన దగ్గరున్న అంచనా విలువతో నడుపుతుంది. కనెక్టరు పీకాక బండి మెరుగ్గా లాగితే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, కొన్ని బండ్లు ఆగిపోతాయి కూడా. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే కనెక్టరు తీయాలి, కాస్త దూరం నడిపి మళ్ళీ పెట్టేయాలి.

మాఫ్‌ను శుభ్రం చేయడం

నూనె పడినంతమాత్రాన కొత్తది కొననక్కర్లేదు. చాలా సందర్భాల్లో శుభ్రం చేస్తే తేరుకుంటుంది. కొత్త మాఫ్‌కు వేలల్లో పోయాలి, అందులోనూ నకిలీలు బజారులో బాగానే తిరుగుతున్నాయి. అందుకే ముందు స్ప్రే డబ్బా మీద పెట్టిన ఖర్చు దండగ కాదు.

ఇంజన్ చల్లారాక, తాళం చెవి తీసేసి, కనెక్టరు లాక్ నొక్కి విప్పాలి. సెన్సర్ సాధారణంగా రెండు స్క్రూలతో ఉంటుంది, చాలావాటికి నక్షత్రం ఆకారపు తల, అందుకు తగ్గ బిట్ లేకుండా కటింగ్ ప్లయర్‌తో తిప్పితే తల అరిగి ఇరుక్కుపోతుంది. సెన్సర్‌ను నేరుగా పైకి లాగాలి, వంచకూడదు. మాఫ్ కోసమే అని రాసి ఉన్న క్లీనర్ స్ప్రే వాడాలి. సుమారు నాలుగు అంగుళాల దూరం నుంచి, పొర ఉన్న సందులోకి పొట్టి పొట్టి తుంపరలుగా పది పదిహేను సార్లు కొట్టాలి. గాలి ఉష్ణోగ్రత కొలిచే చిన్న బుడ్డి మీద కూడా నాలుగు తుంపరలు కొట్టాలి. ద్రవం కారిపోయేలా సెన్సర్‌ను తలకిందులుగా పట్టుకోవాలి.

చేతితో, గుడ్డతో, ఇయర్ బడ్‌తో ముట్టుకోకూడదు. ఒక్క పోగు తగిలినా పొర చిరుగుతుంది. కార్బ్యురేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్, పెట్రోలు, థిన్నరు వాడకూడదు, ప్లాస్టిక్‌నూ పొర మీది పూతనూ తినేస్తాయి. కంప్రెసర్ గాలితో ఆరబెట్టడం అన్నిటికంటే ప్రమాదం. అరగంట, గంట దానంతటదే ఆరనివ్వాలి. తడిగా ఉండగానే స్టార్ట్ చేస్తే వేడి పొర మీద మండే ద్రవం ఉన్నట్టే. తిరిగి పెట్టేటప్పుడు ఒంటి మీదున్న బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి, రబ్బరు రింగు మడతపడకుండా కూర్చోవాలి. కోడ్‌లు చెరిపి, పాత ట్రిమ్ విలువలనూ రీసెట్ చేసి, మళ్ళీ అవే పరిస్థితుల్లో అంకెలు చూడాలి. అప్పుడూ తేడా రాకపోతే నూనె ఇప్పటికే కాలి గట్టిపడిపోయి ఉండొచ్చు, ఇక మార్చడమే.

కాటన్ ఫిల్టరు ఇప్పటికే ఉంటే

దాన్ని కడిగే పద్ధతిలో మన వాతావరణం, మన నీళ్ళు రెండూ అడ్డం వస్తాయి. ముందు మెత్తటి బ్రష్‌తో పై దుమ్ము దులిపి, ఫిల్టరు క్లీనర్ రెండు వైపులా కొట్టి, సుమారు పది నిమిషాలు నాననివ్వాలి. ఆరిపోనివ్వకూడదు. తర్వాత తక్కువ ఒత్తిడి నీళ్ళతో, శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి మురికి ఉన్న బయటి వైపుకు కడగాలి. ఎదురుగా కడిగితే దుమ్ము గుడ్డ లోతుల్లోకి దూరుతుంది. సర్వీసు సెంటర్ ప్రెషర్ గన్ అసలు పనికిరాదు. తీరప్రాంత ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి వదిలేస్తే అల్యూమినియం జాలీ మీద తెల్లటి పూత మిగిలి, మెల్లగా తింటుంది. కనీసం చివరి కడుగైనా మంచినీళ్ళతో చేయాలి.

ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. ఎర్రటెండలో డాబా మీద పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ కొట్టినా గుడ్డ ముడుచుకుని అంచుల దగ్గర సందులు ఏర్పడతాయి. నీడన, గాలి ఆడే చోట ఆరాలి. ఎండాకాలంలో ఒక రాత్రి చాలు. కార్తీక మార్గశిరాల్లో, తుపాను ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులైనా మడత లోపల చెమ్మ మిగిలే ఉంటుంది. చెమ్మ ఉన్న నూలు నూనెను పీల్చుకోదు. పోసిన నూనె పాకక, తెల్లటి మచ్చలు కనిపించి, వాటి మీద ఇంకా పోస్తారు. ఆరాక చూస్తే రెండింతల నూనె. మోతాదు తప్పే దారుల్లో అతి సాధారణమైనది ఇదే. ఈ లోపు ఫిల్టరు లేకుండా బండి తీయాలని చూడకూడదు, ఊళ్ళోకే అయినా సరే. ఒక కాగితం ఫిల్టరు డిక్కీలో ఉంచుకోవడం మేలు.

నూనె పట్టించడానికి ఒక్కో మడత శిఖరం మీద ఒక్క సన్నటి గీత, ఒక్కసారి మాత్రమే. మడత లోయలో పోయకూడదు. 20 నిమిషాలు ఆగితే రంగు దానంతటదే పాకుతుంది. అప్పటికీ తెల్లగా మిగిలిన చోట చుక్క పెట్టాలి. ఆ తర్వాత లోపలి వైపు కింద ఉండేలా పాత పేపరు మీద రాత్రంతా ఉంచి, పేపరు మీద నూనె మరక పడితే ఎక్కువైనట్టే అనుకోవాలి. ఇంజన్ ఆయిల్, కుట్టుమిషన్ నూనె, తుప్పు స్ప్రేలు ప్రత్యామ్నాయం కావు. వాటికి జిగట లేదు, గాలికి కొట్టుకుపోతాయి.

ఇంతకంటే నమ్మకమైన కొలత వంటింటి డిజిటల్ తక్కెడ. కొత్త ఫిల్టరును డబ్బాలోంచి తీసిన వెంటనే తూచి, ఆ గ్రాములు ఫ్రేమ్ మీద మార్కర్‌తో రాసుకోవాలి. కడిగి, పూర్తిగా ఆరాక మళ్ళీ తూచాలి. నూనె పట్టించాక బరువు మొదటి అంకె దగ్గరికి రావాలి. దాన్ని దాటిందంటే బిగించకూడదు.

ఇంతా చేసి వచ్చేదెంత

కాటన్ ఫిల్టరు కొనడానికి చెప్పే మొదటి కారణం మైలేజీ. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ కావాలని మూసుకుపోయేలా చేసిన ఫిల్టర్లతో పరీక్షించింది. కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, పికప్ మాత్రం తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని తినకపోతే, శుభ్రమైన కాగితం స్థానంలో ఇంకా ధారాళంగా వదిలే గుడ్డ పెట్టి మైలేజీ పెంచడం ఎలా కుదురుతుంది? 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి, నెల్లూరు మధ్య 80లో పోతున్న పెట్రోలు కారులో, గాలిని అడ్డుకునేది ప్రధానంగా సగానికి పైగా మూసి ఉన్న, రేస్ ఇస్తే తెరుచుకునే థ్రాటిల్ పలకే. ఫిల్టరు అడ్డు దాని ముందు లెక్కలోకి రాదు.

శక్తి మాటకొస్తే, శుభ్రమైన కాగితం ఫిల్టరు పూర్తి రేస్‌లో కాజేసే ఒత్తిడి మామూలుగా ఒకటి రెండు కిలోపాస్కల్స్. బయటి గాలి ఒత్తిడి 101. అందులో సగం మిగిల్చినా ఒక్క శాతం లోపే లాభం. టర్బో ఉన్న డీజిల్‌లో ఆ కొద్దిపాటి లోటునూ టర్బోయే పూడ్చుకుంటుంది.

ఇక వడపోత. ఫిల్టర్లను ఐఎస్ఓ 5011 అనే ప్రమాణం ప్రకారం, నిర్ణీత కొలతల ధూళి చల్లి పరీక్షిస్తారు. 99 శాతం, 97 శాతం అని చదివినప్పుడు రెండే శాతం తేడా కదా అనిపిస్తుంది. లోపలికి పోయే దుమ్ము వైపు నుంచి చూడాలి. ఫిల్టరు దగ్గరికి 100 గ్రాముల దుమ్ము చేరితే మొదటిది 1 గ్రాము వదులుతుంది, రెండోది 3 గ్రాములు. సిలిండర్ గోడకు, రింగులకు తగిలే ధూళి మూడు రెట్లు. ఒక లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలి దుమ్ము లేని ఊరి గాలి అయితే ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. క్వారీ లారీ వెనక పోయే బండికి ఇది ఇంజన్ ఆయుష్షు ప్రశ్న.

కాటన్ ఫిల్టరు ఇక్కడ ఇరుకున పడేది అందుకే. సెన్సర్ కోసం నూనె తగ్గిస్తే దుమ్ము ఇంజన్‌లోకి పోతుంది, దుమ్ము కోసం నూనె పెంచితే సెన్సర్ పోతుంది. మంచి రోడ్డు, తక్కువ దుమ్ము ఉన్నచోట ఏళ్ళ తరబడి కడగనక్కర్లేదు కాబట్టి ఈ సన్నటి గీత మీద నడవడం ఎప్పుడో ఒకసారి వచ్చే పని. చీమకుర్తిలోనో, పొదిలిలోనో ఏడాదికి ఎన్నోసార్లు నడవాలి. మాఫ్ ఉన్న బండికి, అందులోనూ డీజిల్‌కు, ఈ రెండు జిల్లాల్లో మంచి కంపెనీ కాగితం ఫిల్టరే సరైనది. కొన్ని వందల రూపాయల వస్తువు, పుస్తకంలో రాసిన దూరంలో సగానికే మార్చినా కాటన్ ఫిల్టరు, దాని క్లీనర్, నూనె ఖర్చును అందుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. మాఫ్ లేని పెట్రోలు బండిలో కాటన్ పెట్టుకుంటే సెన్సర్ భయం లేదు, దుమ్ము లెక్క మాత్రం అలాగే ఉంటుంది.

కాగితం ఫిల్టరు మార్చేటప్పుడు డబ్బా కింది భాగంలో చేరిన ఇసుకను తడి గుడ్డతో తీసేయాలి, మాఫ్ వైపు పైపు మూతిని ఆ సమయంలో శుభ్రమైన గుడ్డతో మూసి ఉంచాలి. రబ్బరు అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి, అన్ని క్లిప్పులూ పడ్డాయో లేదో చూడాలి. వానల్లో నీళ్ళు నిలిచిన రోడ్డు దాటి వచ్చాక డబ్బా ఒకసారి తెరవాలి. తడిసిన కాగితం ఉబ్బి చిరుగుతుంది, దాన్ని ఆరబెట్టి వాడకూడదు.

పాత డీజిల్ కారు కొనేటప్పుడు ఈ డబ్బా తెరిచి చూడటం రెండు నిమిషాల పని. లోపల కాటన్ ఫిల్టరు ఉంటే మాఫ్ ముందరి పైపులో తెల్లగుడ్డ తుడిచి, స్కానర్‌లో ఐడిల్ దగ్గర ఒక్కో స్ట్రోక్‌కు గాలి మిల్లీగ్రాములు చూసి, ఆ తర్వాతే బేరం మాట్లాడాలి.